ఊరూ పేరూ దొరికిన ఎముకలు

మధ్యధరా సముద్రపు తూర్పు కొసన సైప్రస్ ద్వీపమున్నది. దాని ఉత్తర తీరం వెంబడి కైరీనియా కొండల వరుస కోటగోడవలె సాగిపోతుంది. ఆ తీరంలో ఒకచోట, రాతి పొరలలో, లెక్కకు మిక్కిలిగా ఎముకలు కూరుకొని ఉన్నవి. అవి ఎవరివన్న విషయంలో అక్కడి ప్రజలకు తరతరాలుగా సందేహం లేదు. అవి పునీతుడైన ఫనూరియోస్ అస్థికలని వారి విశ్వాసం. రాతిని పగులగొట్టి, ఎముక ముక్కను ఇంటికి తెచ్చుకొని, మెత్తగా నూరి, ఆ పొడిని పానీయంలో కలిపి రోగులచేత త్రాగించేవారు. ఒక్క మనిషి దేహానికి ఆ రాతిలోని ఎముకలు చాల ఎక్కువ. కాని భక్తికి లెక్కతో పనిలేదు.

1901లో ఆ ద్వీపానికి ఇరవైరెండేళ్ళ యువతి ఒకతె వచ్చినది. ఆమె పేరు డొరోథియా బేట్. ఆమెకు విశ్వవిద్యాలయ పట్టం లేదు. స్థిరమైన ఉద్యోగం లేదు. యాత్రకు ఖర్చు భరించే సంస్థ లేదు. సొంత డబ్బుతో వచ్చి, పదునెనిమిది నెలలు అక్కడ ఉండి, కొండలూ గుహలూ గాలించి, ఆ ఎముకలు ఎవరివో తేల్చినది. శిలాజాన్వేషణ చరిత్రలో ఆ యాత్ర చిన్నదే కావచ్చును. కాని ఒక ఎముక ఎక్కడ దొరికినదో తెలియకపోతే శాస్త్రం ఎంత నష్టపోతుందో, తెలిస్తే ఎంత దూరం పోగలదో ఆ యాత్రను బట్టి స్పష్టంగా తెలుస్తుంది.

డొరోథియా 1878 నవంబరు 8న వేల్సు దేశంలోని కార్మార్థెన్ పట్టణంలో జన్మించినది. తండ్రి పోలీసు శాఖలో అధికారి. బడిలో ఆమె చదివినది బహు స్వల్పం. పల్లె పరిసరాలలోని పక్షులు, పురుగులు, సున్నపురాతి గుహలు ఆమెకు ఉపాధ్యాయులైనవి. 1898లో, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, లండనులోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలకు వెళ్ళి, పక్షిశాస్త్ర విభాగాధికారి రిచర్డ్ బౌడ్లర్ షార్ప్‌ను కలసి పని ఇమ్మని అడిగినది. పక్షుల చర్మాలను వేరుచేసి పేర్చే పని ఆయన ఆమెకు అప్పగించినాడు.

స్త్రీలకు అటువంటి సంస్థలలో శాస్త్రజ్ఞులుగా శాశ్వతోద్యోగాలు ఇచ్చే కాలం కాదది. తరువాత ఆమె శిలాజాల విభాగంలో పనిచేసినప్పుడు కూడ జీతమంటూ ఏమీ లేదు. ఎన్ని శిలాజాలను రాతినుండి విడదీసి శుభ్రపరచితే, లెక్కపెట్టి అన్నింటికి కూలి. ఐనను ఆ పనిబల్ల దగ్గరనే ఆమె ఎముకలను చదవడం నేర్చుకొన్నది. ఏ ఎముక ఏ జంతువుదో, ఏ వయస్సుదో, ఏ అవయవంలోనిదో చేతివేళ్ళకు తెలిసేటంతగా నేర్చుకొన్నది. వై నదీలోయలోని ఒక చిన్న గుహలో తాను సేకరించిన ఎముకలను గూర్చి ఆమె తొలి వ్యాసం 1901లోనే భూగర్భశాస్త్ర పత్రికలో అచ్చయినది.

అన్ని చోట్లను విడిచి ఆమె సైప్రస్‌నే ఎన్నుకొనడానికి కారణమున్నది. సున్నపురాతి కొండలలో వాన నీరు రాతిని కరగించి గుహలను తొలుస్తుంది. ఆ నీటిలో కరగిన సున్నమే మళ్ళీ గడ్డకట్టి, గుహలో పడిన ఎముకలను కప్పి, వేల ఏళ్ళు భద్రంగా దాస్తుంది. సైప్రస్ కొండలలో సున్నపురాయి పుష్కలం. పైగా అదే సముద్రంలోని సిసిలీ, మాల్టా ద్వీపాల గుహలలో మరుగుజ్జు ఏనుగుల ఎముకలు అప్పటికే బయటపడి ఉన్నవి. మాల్టా ఏనుగులను పరిశీలించినవారిలో ముఖ్యుడు హ్యూ ఫాల్కనర్. 1830 ప్రాంతాలలో మన హిమాలయ పాదాలలోని శివాలిక్ కొండలలో కాట్లీతో కలసి రాశులకొలది శిలాజాలను సేకరించి, ప్రాచీన గజజాతులను గూర్చి తొలి పాఠాలు అక్కడ నేర్చుకొన్న వైద్యుడాయన. అటువంటి పెద్దల దృష్టి సిసిలీ, మాల్టాలపై పడినది గాని, సైప్రస్ గుహలను ఎవరూ క్రమంగా పరిశోధించి ఉండలేదు. మాల్టాలో ఉన్నది సైప్రస్‌లో ఎందుకు ఉండకూడదు? ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకొని డొరోథియా బయలుదేరినది.

ఆనాటి సైప్రస్ బ్రిటిషు వారి పాలనలో ఉన్నది. పట్టణాలు దాటితే సరియైన దారులు లేవు. ఆమె కాలినడకను గాని, కంచరగాడిదపై గాని ప్రయాణం చేసేది. రాత్రివేళ ఏ పల్లెలో చోటు దొరికితే ఆ పల్లెలో, నల్లులూ గోమార్లూ నిండిన గుడిసెలలో తల దాచుకొనేది. సముద్రానికి ఎదురుగా ఉన్న గుహలలోనికి పోవడానికి అలలలో దిగి నడవవలసి వచ్చేది. గుహలో చేరిన తరువాత అసలు పని మొదలు. ఎముకలు మట్టిలో విడిగా ఉండవు. సున్నంతో గడ్డకట్టి రాతితో రాయై ఉంటవి. ఉలి ఒక పిసరు ఎక్కువ దిగితే పన్ను పగులుతుంది. తక్కువ దిగితే రాయి కదలదు. సాయంకాలానికి ఒంటినిండ బురద, సంచి నిండ రాళ్ళు. ఆ రాళ్ళతోబాటు పక్షులను, ఎలుకలను, పురుగులను కూడ ఆమె సేకరించేది. సైప్రస్‌లో తప్ప మరెక్కడా లేని ముళ్ళెలుక ఒకదానిని, వడ్రంగిపిట్టకంటె చిన్నదైన రెన్ అనే పిట్టలో ఒక ఉపజాతిని శాస్త్రలోకానికి తెలిపినది ఆమెయే.

పదునెనిమిది నెలలలో ఆమె అంతవరకు ఎవరూ ఎరుగని పన్నెండు ఎముకల గుహలను కనుగొన్నది. వాటిలో మొదట విరివిగా దొరికినవి నీటిగుర్రపు ఎముకలు. ఐతే అవి ఆఫ్రికా నదులలోని భారీ నీటిగుర్రానివి కావు. నేడు ఆఫ్రికాలో ఉన్న నీటిగుర్రం సుమారు 1,500 కిలోల బరువు తూగుతుంది. సైప్రస్ నీటిగుర్రం సుమారు 130 కిలోలు. ఎత్తులో పెద్ద పందిని మించదు. కాళ్ళ నిర్మాణాన్ని బట్టి చూస్తే అది నీళ్ళలో మునిగి ఉండేదానికంటె కొండవాలులపై నడిచేదిగా మారినట్లు తరువాతి పరిశోధకులు తేల్చినారు. ఫనూరియోస్ పేర రోగులు త్రాగుతూ వచ్చినది ఈ పొట్టి నీటిగుర్రపు ఎముకల పొడినే.

ఇక్కడ నూరేళ్ళ నాటి పాత చిక్కు ఒకటి విడిపోయినది. 19వ శతాబ్ది ఆరంభంలో పారిసులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి క్యూవియే ఒక రాతిగడ్డను పరీక్షించినాడు. దానిలో ఇరుకుకొని ఉన్న పళ్ళూ ఎముకలూ ముమ్మాటికీ నీటిగుర్రానివే. కాని వింత అనిపించేటంత చిన్నవి. క్యూవియే ఒక్క ఎముకను చూచి జంతువునంతటిని ఊహించగల మేధావియని ప్రసిద్ధి. అంతటివాడు కూడ ఆ రాయి ఎక్కడిదో చెప్పలేకపోయినాడు. దానిపై చీటీ లేదు; ఎవరు తెచ్చినారో, ఎక్కడ తవ్వినారో వ్రాసి ఉంచినవారు లేరు. నైరుతి ఫ్రాన్సుది కావచ్చునని ఊహించినారు. 1822లో డెమరే అనే మరొక శాస్త్రజ్ఞుడు ఆ జంతువుకు పేరు కూడ పెట్టినాడు. పేరు వచ్చినది, ఊరు మాత్రం రాలేదు. ఊరు లేని ఆ పేరు నుండి దాదాపు ఎనభై ఏళ్ళు ఎవరూ ఏమీ నేర్చుకొనలేకపోయినారు. అది ఖండంలోని జంతువో, ద్వీపంలోని జంతువో తెలియనప్పుడు అది ఎందుకు పొట్టిదైనదో ఎట్లా తెలుస్తుంది?

డొరోథియా సైప్రస్ నుండి పంపిన ఎముకలు లండను చేరినవి. వాటిని ఫోర్సిత్ మేజర్ అనే శాస్త్రజ్ఞుడు క్యూవియే వర్ణించిన ఎముకలతో పోల్చి చూచి, రెండూ ఒక్కటేనని 1902లో ప్రకటించినాడు. పారిసులోని రాయి ఫ్రాన్సుది కాదు, సైప్రస్‌ది. ఊరు లేని ఎముకకు ఊరు దొరికినది.

ఆ ఫలితాల తరువాత రాయల్ సొసైటీ ఆమెకు కొద్దిపాటి ధనసహాయం చేసినది. అదైనను సులభంగా దొరికినది కాదు. ఆ సహాయంతో అన్వేషణ సాగించి, 1902లో కైరీనియా కొండలలోని ఒక గుహలో ఆమె ఏనుగు పళ్ళను కనుగొన్నది. పళ్ళు చాల చిన్నవి. చిన్న పన్ను కనబడగానే మరుగుజ్జు ఏనుగని ఉత్సాహపడడానికి వీలులేదు. అది పెద్ద ఏనుగుకు పుట్టిన గున్నదైనా కావచ్చును. ఆ రెండింటికీ భేదం తెలుసుకొనే మార్గమేమిటి?

మార్గం ఏనుగు దంతవిన్యాసంలోనే ఉన్నది. ఏనుగుకు మనుష్యులవలె నమిలే పళ్ళన్నీ ఒకేసారి వరుసగా నిలిచి ఉండవు. దవడకు ఒక్కొక్క వైపున జీవితకాలంలో ఆరు పళ్ళు ఒకదాని వెనుక ఒకటిగా వస్తవి. వెనుకనుండి వచ్చే పన్ను, ముందున్న అరిగిన పన్నును నెట్టి దాని చోటు ఆక్రమిస్తుంది. ప్రతి పన్నుకు పలకలవంటి మడతల సంఖ్య వేరు. ఆ మడతలను లెక్కించి, అరుగుదలను చూస్తే అది గున్న పన్నో, ముసలి ఏనుగు కడపటి పన్నో చెప్పవచ్చును. సైప్రస్ పళ్ళలో ఎదిగిన ఏనుగుల కడపటి పళ్ళున్నవి; అవి బాగా అరిగి కూడ ఉన్నవి. కాబట్టి అవి పిల్లలవి కావు. పూర్తి ఆయుస్సు గడిపిన పొట్టి ఏనుగులవి. 1903లో రాయల్ సొసైటీ ప్రచురణలో ఆమె ఈ జాతిని సైప్రస్ పేరుతోనే లోకానికి పరిచయం చేసినది. ఆ ఏనుగు బరువు సుమారు 200 కిలోలని నేటి అంచనా. దాని పూర్వికులైన యూరపు ఏనుగులు పది టన్నుల వరకు తూగేవి. అనగా యాభైవ వంతు!

కొండంత ఏనుగు దూడంత ఎట్లా అయినది? సైప్రస్‌కు ఖండంతో భూసంబంధం లేదు. ఏనుగులు, నీటిగుర్రాలు ఈదగలవు. ఏ కాలంలోనో సముద్రమట్టం తగ్గినప్పుడు కొన్ని ఈదివచ్చి ఇక్కడ చిక్కుకొని ఉంటవి. పులులు, సింహాలు రాలేదు. భయం లేనప్పుడు భారీ దేహం వలన రక్షణ అనే లాభం లేదు. మేత పరిమితం, కరువు వచ్చినప్పుడు తక్కువ తిని బ్రదకగల చిన్న దేహమే నిలుస్తుంది. చిన్నగా ఉండి, త్వరగా ఎదిగి, త్వరగా ఈనినవాటి సంతతి పెరుగుతుంది. తరాలు గడచేకొద్ది జాతి యావత్తు కురచబారుతుంది. ద్వీపాలలో పెద్ద జంతువులు చిన్నవి కావడం, చిన్న జంతువులు కొన్ని పెద్దవి కావడం పరిపాటియని 1964లో బ్రిస్టల్ ఫోస్టర్ ఒక వ్యాసంలో చూపినాడు. దానినే ద్వీప నియమమని నేడు వ్యవహరిస్తున్నారు. ఆ నియమానికి పేరు రాకముందే దాని సాక్ష్యాలను డొరోథియా గుహలనుండి సంచులలో మోసుకొని వచ్చినది.

సైప్రస్‌తో ఆమె ఆగలేదు. 1904లో క్రీట్ ద్వీపానికి వెళ్ళి, ఖానియా పట్టణానికి సమీపంలోని మలేకా అగ్రంవద్ద మరొక పొట్టి ఏనుగు పళ్ళను సేకరించినది. 1909లో మయోర్కా ద్వీపపు తూర్పు తీరంలో ఎముకలున్న రాతిపొరను గూర్చి బులెన్ అనే మతాచార్యుడు వ్రాసిన ఉత్తరం ఆధారంగా అక్కడికి వెళ్ళినది. అక్కడ దొరికిన పుర్రె ఆమెనే ఆశ్చర్యపరచినది. జంతువు మేకజాతిది, కాని క్రింది దవడలో ముందరి పళ్ళు ఎలుక పళ్ళవలె ఎడతెగక పెరిగేవి. గ్రీకు భాషలో ఎలుక, మేక అనే రెండు మాటలను జోడించి ఆమె దానికి మయోట్రాగస్ అని నామకరణం చేసినది. దాని కళ్ళు మేకకువలె ప్రక్కలకు గాక ముందుకు చూచేవి. వెన్నంటి వచ్చే శత్రువు లేని దీవిలో వెనుకకు చూచే అవసరమే లేకపోయినది కాబోలు.

ఆమె సేకరణలో విశేషం మరొకటి ఉన్నది. ఏ ఎముక ఏ గుహలో, ఏ చోట దొరికినదో ఆమె వ్రాసి ఉంచేది. ఆ అలవాటు ఫలితం నూరేళ్ళ తరువాత కనబడినది. క్రీట్ ఏనుగు ఏ వంశానిదన్న వివాదం చాలకాలం తెగలేదు. 2012లో విక్టోరియా హెరిడ్జ్, ఆడ్రియన్ లిస్టర్ అనే పరిశోధకులు లండను ప్రదర్శనశాలలో డొరోథియా భద్రపరచిన పళ్ళను మళ్ళీ పరిశీలించినారు. ఆమె పేర్కొన్న చోటనే కొత్తగా దొరికిన ఒక భుజాస్థిని కూడ కొలిచినారు. ఆ జంతువు ఏనుగులలో మామత్ వంశానిదనీ, భుజం దగ్గర ఎత్తు సుమారు 1.13 మీటర్లేననీ, తెలిసిన మామత్‌లన్నిటిలో అదే అతి చిన్నదనీ తేల్చినారు. 1904లో వ్రాసిన ఒక చోటిపేరు 2012లో సమాధానం చెప్పినది. పారిసు రాతిపై అటువంటి చీటీ ఒకటి ఉండినట్లయితే క్యూవియేకు ఆ చిక్కే ఉండేది కాదు.

ఇంతకీ ఆ పొట్టి జంతువులు ఏమైనవి? సైప్రస్ దక్షిణ తీరంలో, అక్రోటిరి ద్వీపకల్పంలోని ఒక రాతిచరియ క్రింద 1980 దశకపు చివర ఆలన్ సిమ్మన్స్ బృందం తవ్వకాలు జరిపినది. అక్కడ సుమారు ఐదువందల పొట్టి నీటిగుర్రాల ఎముకలు, కొద్దిపాటి ఏనుగు ఎముకలు, వాటితోబాటు రాతి పనిముట్లు, పొయ్యిల ఆనవాళ్ళు దొరికినవి. కాలం సుమారు 12,000 ఏళ్ళ క్రితం. సముద్రం దాటి వచ్చిన తొలి మనుష్యులు ఆ జంతువులను వేటాడినారని సిమ్మన్స్ అభిప్రాయం. ఎముకలు ముందే అక్కడ చేరి ఉండవచ్చునని, మనుష్యులు తరువాత వచ్చి ఉందురని వాదించినవారూ ఉన్నారు. కొద్ది వేలమంది వేటగాండ్రున్నా వెయ్యి ఏళ్ళలోపే ఆ రెండు జాతులు నశించగలవని 2024లో ప్రచురించిన ఒక గణనలో తేలినది. శత్రువును ఎరుగని జంతువుకు మనుష్యుని చూచి పరుగెత్తాలని తెలియదు. మయోర్కా ఎలుకమేక కూడ ఆ దీవికి మనుష్యులు చేరిన కాలంలోనే, నాలుగువేల ఏళ్ళకు పైబడిన పూర్వం, అంతరించినది. లక్షల ఏళ్ళుగా ఆ జీవులను కాపాడిన సముద్రాన్ని మనిషి పడవ దాటినది.

డొరోథియా మిగిలిన జీవితమంతా ఎముకల మధ్యనే గడచినది. 1930 దశకంలో పాలస్తీనాలోని కార్మెల్ కొండ గుహలలో డొరోతీ గారడ్ జరిపిన తవ్వకాలలో దొరికిన జంతువుల ఎముకలను పరిశీలించి, ఆ ప్రాంతపు పురాతన వాతావరణం ఎప్పుడెప్పుడు మారినదో జింకల ఎముకల పాళ్ళనుబట్టి చెప్పే పద్ధతిని చూపినది. 1940లో భూగర్భశాస్త్ర సంఘం ఆమెను గౌరవించి సభ్యురాలిగా చేర్చుకొన్నది. లెక్కకూలికి శిలాజాలు శుభ్రపరచిన ఆమె, 1948లో, దాదాపు డెబ్బై ఏళ్ళ వయస్సులో, ట్రింగ్ పట్టణంలోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాల శాఖకు అధికారిణి అయినది. 1951 జనవరి 13న మరణించినది. ఆమె బల్లమీద ఇంకా వ్రాయవలసిన వ్యాసాల పట్టిక ఒకటి మిగిలి ఉన్నది. కడపటి వ్యాసానికి ఎదురుగా హంసగీతమని ఆమె వ్రాసుకొన్నది. ఆమె మరణించిన కొద్దికాలానికే ఆమె సొంత కాగితాలు ఒక ఇంటి అగ్నిప్రమాదంలో కాలిపోయినవి. బాల్యాన్ని గూర్చి, సుఖదుఃఖాలను గూర్చి ఆమె ఏమి వ్రాసుకొన్నదో లోకానికి తెలియదు. ప్రదర్శనశాల అరలలో ఆమె చీటీలు కట్టిన ఎముకలు మాత్రం ఉన్నవి.

1974 నుండి సైప్రస్ రెండుగా విడిపోయి ఉన్నది. కైరీనియా కొండలు ఉత్తర భాగంలో ఉన్నవి. ఆ తీరపు నీటిగుర్రానికి 1972లో బూక్స్‌ఖోటెన్, సోండార్ అనే డచ్చి పరిశోధకులు కొత్త ప్రజాతి నామం పెట్టినారు. తరతరాలుగా పల్లెవారు ఎవరి అస్థికలని నమ్మి వచ్చినారో, ఆ పేరే వారు స్వీకరించినారు: ఫనూరియోస్. గ్రీకు క్రైస్తవుల విశ్వాసం ప్రకారం ఫనూరియోస్ పోయిన వస్తువులను వెదకి చూపించే పునీతుడు. ఇంట్లో ఏదైనా పోతే స్త్రీలు ఆయన పేర రొట్టె కాల్చి పంచుతారు. ఊరు తప్పిపోయి పారిసులో ఎనభై ఏళ్ళు పడియున్న ఒక ఎముకకు ఆ పేరే చివరికి స్థిరపడినది.